కంచెకు పాలు పొయ్యని ఏడాది

బుధవారం,
పెద్దేముల్ దగ్గర మన ఇంటి నుంచి

అమ్మకు,

నీ కొడుకు మల్లు దండం పెట్టి రాస్తున్నాను. నేను బాగున్నాను. ఇల్లు బాగుంది, వెనక గోడ ఈసారి వానకు పడలేదు. గొర్లు కూడా బాగున్నాయని రాద్దామనుకున్నాను గానీ వాటి డొక్కలు చూస్తే చెయ్యి రావడం లేదు. అక్క, బావ, పిల్ల అందరూ క్షేమమని బండల లారీ తోలే అంజిలయ్య మామ చెప్పాడు. పిల్లకు నా ముక్కే వచ్చిందట కదా. ఆడపిల్లకు ఈ ముక్కుతో ఎంత కష్టమో, పాపం, నా తరఫున దానికి సారీ చెప్పండి.

నువ్వు పంపిన ఎండు చేపలు అందాయి. ఆ వాసనకు కుక్క రెండు రోజులు నా వెనకే తిరిగింది. అక్క చేత నువ్వు రాయించిన ఉత్తరం చదివాను. ఒకసారి కాదు, చాలాసార్లు చదివాను. ఎందుకో తర్వాత చెప్తాను.

ఫోన్ చెయ్యకుండా ఇదంతా ఎందుకు రాస్తున్నానని అక్క అడుగుతుంది. ఫోన్ బావది, బండల డిపోకు ఆయనతో పాటే పోతుంది. పోనీ సాయంత్రం చేద్దామంటే ఇప్పుడు నాకు నీతో ఫోన్‌లో మాట్లాడడం చేతకాదు. నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను, ఇద్దరిలో ఎవరో ఒకరు కట్ చేస్తాం. కాగితాన్ని ఎవరూ కట్ చెయ్యలేరు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. వేళకు తింటున్నాను. జొన్నరొట్టె ఇప్పుడు గుండ్రంగానే వస్తోంది, నడుమ మాడుతోంది అంతే. కుంటి గొర్రె ఈనింది, పొట్టేలు పిల్ల, నల్లగా ఉంటుంది, నుదుటి మీద తెల్ల మచ్చ. తల్లికి పాలు చాలడం లేదు, అందుకని దాన్ని వేరే గొర్రె దగ్గర కుడుపుతున్నాను. తాండూరులో మళ్ళీ బండల పాలిష్ పనికి పోయానా అని అడిగావు. పోలేదమ్మా. ఎటూ పోలేదు.

నువ్వు నమ్మవని తెలుసు. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసినవాణ్ణి. పాలిష్ మిషన్ దగ్గర దుమ్ము పడక వచ్చేశాను, ఆటో తోలి దాన్ని మోరీలో వేశాను, పట్నంలో హోటల్ పనికి పోయి పండక్కి ఇంటికొచ్చి మళ్ళీ పోలేదు. వికారాబాద్ స్టేషన్‌లో రైలెక్కి ఎటు పోతోందో తెలియకుండా ఒకసారి రాయచూరు దాకా పోయాను కూడా. కాలు ఒక దగ్గర నిలవదని నువ్వు అందరితో అనేదానివి, నిజమే. కానీ నాయన పోయిన తర్వాత మంద వెనక పడ్డాను చూడు, అప్పటి నుంచి ఎటైనా పోవాలని నాకు అనిపించలేదు. గొర్లతో పాటు రోజంతా నడుస్తూనే ఉంటాను కదా, అందుకేనేమో. ఈ మాట నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఇలాంటివి ఇంట్లో ఎవరు చెప్తారు?

ఇక నువ్వు చివర్లో అడిగింది. తాండూరులో పట్నం ప్లాన్ మీటింగ్ అయ్యిందా, అయితే ముందు వరుసలో కూర్చోకు, నోరు తెరవకు అని రాయించావు. అయ్యింది. శనివారం అయ్యింది. నేను ముందు వరుసలోనే కూర్చున్నాను, నోరు కూడా తెరిచాను.

మన వాడ నుంచి రెండు ఆటోల్లో పోయాం. నేను బీరన్న మామ పక్కన ఇరుక్కున్నాను, ఆయన తల్లి చంద్రవ్వ ముందు డ్రైవర్ పక్కన కూర్చుని దారి పొడుగునా వాడి తోలకానికి వంకలు పెట్టింది. ఫంక్షన్ హాల్ నిండా జనం. వికారాబాద్ నుంచి ఆఫీసర్లు వచ్చారు. గోడకు పెద్ద బొమ్మ కట్టారు. తాండూరు ఎట్లా పెరుగుతుందో, చుట్టుపక్కల ఏ ఊళ్ళు అందులో కలుస్తాయో ఆ బొమ్మలో రంగులతో చూపించారు. ఇళ్ళకు పసుపు, దుకాణాలకు ఎరుపు, చెరువుకు నీలం. మన ఊరు పసుపు. మన గొర్లు మేసే నేల, మన కంచె, సగం పసుపు, సగం ఎరుపు, నడుమ నుంచి నల్లటి రోడ్డు.

అందరూ వద్దనే అన్నారనుకోకు. హోటల్ శ్రీహరి లేచి ప్లాన్ తొందరగా కానియ్యమన్నాడు. వాళ్ళ గల్లీలో మోరీ లేదు, వానొస్తే పిల్లలు మురికి నీళ్ళలో దిగి బడికి పోతారు. ఆ గల్లీలో ఆటో తోలినవాణ్ణి, అతను చెప్పింది అబద్ధం కాదు. అక్కడితో ఆగితే బాగుండేది. గొర్ల కోసం పట్నాన్ని ఆపుకుంటామా అన్నాడు. చంద్రవ్వ కూర్చున్నచోటు నుంచే అందుకుంది.

“నీ హోటల్‌కు దావత్ ఆర్డరొచ్చిననాడు గీ మాటనే అను కొడుకా, ఇంటం.”

హాలంతా నవ్వింది, శ్రీహరి కూడా నవ్వాడు. ఆమె లేచి బొమ్మ దాకా నడిచిపోయి, మొహం దగ్గర పెట్టి చూసి, పెద్దాఫీసర్ మేడంను అడిగింది.

“అన్నిటికి రంగులేసిండ్రు మేడం. మా గొర్లకు ఏ రంగేసిండ్రు?”

మేడం మంచిదే అమ్మా. విసుక్కోలేదు, మమ్మల్ని కసరలేదు. మేపే భూములకు ఆకుపచ్చ వేశామని, వేరే ఊళ్ళవి చూపించింది. మన కంచెకు ఎందుకు వెయ్యలేదంటే, వాళ్ళు చూడడానికి వచ్చినప్పుడు అక్కడ ఒక్క గొర్రె కూడా కనపడలేదట. గడ్డి మోకాలెత్తు నిలబడి ఉందట. మేపే నేల అయితే ఈ కాలంలో గడ్డి అట్లా మిగులుతుందా అని అడిగింది. న్యాయమైన మాటే.

బీరన్న మామ లేచి చెప్పాడు. తొలివానలకు కంచె మూస్తామని, గడ్డి ఎదగనిస్తామని, శ్రావణం పోయేలోపల ఒక ఇంటి ఆడమనిషి గొర్రెపాలు పిండుకొచ్చి కంచె మొదట్లో రాతికి పోస్తే అప్పుడే మందలు లోపలికి పోతాయని. “పాలు పొయ్యంది ఎట్ల పోతం మేడం? పోసెటామె ఊళ్లె లేదు,” అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. మేడం నవ్వలేదు. ఎవరి ఇల్లు అని అడిగింది.

మన వాళ్ళందరూ నా వైపు చూశారు.

అప్పుడు నేను లేచాను. అమ్మ అక్క కాన్పుకు పోయిందని, రాగానే పోస్తుందని, తాతల నాటి నుంచి ఆ రాయికి పాలు పోసేది మా ఇల్లేనని చెప్పాను. నా గొంతు మైకులో ఎవరిదో అనిపించింది. మేడం అంతా విన్నది. ప్లాన్ గట్టి చెయ్యక ముందు ఇంకోసారి వస్తానంది. రేపు కాక పై గురువారం. ఆ రోజు కంచెలో తన కళ్ళకు ఏది కనిపిస్తే అదే రాస్తానంది. నేను కూర్చున్నాక బీరన్న మామ నా వీపు మీద చెయ్యేశాడు. నాయన పోయిన తర్వాత ఆయన అట్లా చెయ్యెయ్యడం అదే మొదటిసారి. నాకు ఎంత గర్వంగా ఉందో నీకు చెప్తే నవ్వుతావు.

ఆ గర్వం హాలు బయట టీ కొట్టు దాకా కూడా నిలవలేదు.

అక్కడ చంద్రకాంత్ ఉన్నాడు. కంచె పక్కన చేలు కొని ప్లాట్ల రాళ్ళు పాతాడు చూడు, ఆ చంద్రకాంత్. కంచెలో రోడ్డు పడితే వాడి ప్లాట్ల ధరలకు రెక్కలొస్తాయి. నేను అటు తిరిగి నిలబడ్డాను. వాడే వచ్చి నా భుజం పట్టుకున్నాడు, తన చేత్తో టీ ఇచ్చాడు.

“తమ్మీ, నువ్వెందుకు గరం అయితున్నవ్? గిదంత నీ కోసమే గద. కాలనీ పడంగనే ఆఫీసుల నీకు నౌకరీ అని మీ అమ్మకు మాటిచ్చిన. ఆమె మాట ఆమె నిలబెట్టుకున్నది, పాలు పొయ్యకుంట పోయింది. నా మాట నేను నిలబెట్టుకుంట. ఫికర్ చెయ్యకు.”

నేను వాడి మొహం చూశాను. వాడు ఎగతాళి చెయ్యడం లేదు. నాకు తెలియదని వాడికి తెలియదు. “నీకు చెప్పలేదా?” అన్నాడు, నిజంగానే ఆశ్చర్యపోయి. ఆ టీ చేతిలోనే చల్లారిపోయింది.

వాడు అబద్ధమాడుతున్నాడనే అనుకోవాలనుకున్నాను. ఆటోలో ఇంటికి వచ్చేదాకా అట్లాగే అనుకున్నాను. కానీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. నువ్వు పోయే ముందు బీరన్న మామ ఇంటికొచ్చాడు. శంకరమ్మా, రెండు దినాలు ముందైతే ఏమైతది, పాలు పోసి పో అన్నాడు. గడ్డి ఇంకా ఎదగలేదు, నేనొచ్చి పోస్తాలే అన్నావు. నేను అక్కడే ఉన్నాను. గడ్డి అప్పటికే ఎదిగింది. రోజూ గట్టు మీంచి చూసేవాణ్ణి నేను. అమ్మకు తెలియనిదా అని ఊరుకున్నాను. కాన్పయ్యింది, పురుడయ్యింది, పిల్లను తొట్లెలో వేయడం కూడా అయ్యింది. పిల్లకు పడిశమన్నావు, తర్వాత అక్కకు నడుమునొప్పి అన్నావు. ఇప్పుడు దసరా కూడా పోయింది. చివరికి ఈ ఉత్తరం. మీటింగ్‌లో నోరు తెరవకు అని. నేను పరేషాన్ కాకూడదని అట్లా రాయించావేమో అనుకున్నాను మొదట.

అదే ఉత్తరంలో మీ సముద్రపు ఊరి సంగతి కూడా రాయించావు. అక్కడ కూడా పట్నంలో కలుపుతారని, చేపలవాళ్ళు వలలు ఎండేసుకునే ఇసుక నేల రోడ్డుకు పోతుందని, ఆఫీసర్లు వస్తే ఊరంతా ఇసుకలోనే కూర్చుని మాట్లాడిందని. పాపం, ఆ వలలు వాళ్ళు ఇంకెక్కడ ఎండేసుకుంటారు అని నీ మాటగా అక్క రాసింది. అది రాయించేటప్పుడు నీకు మనం గుర్తు రాలేదా అమ్మా? నిజంగా అడుగుతున్నాను.

ఇక్కడ ఎట్లా గడిచిందో నీకు తెలియాలి. చుట్టూ కంది చేలు నిలబడి ఉన్నాయి, అటు తిప్పితే రైతులు ఊరుకోరు. మిగిలింది రోడ్డు పక్క జాగా. బండల లారీలు పోయే ఆ రోడ్డు మీద మందలు మేపాం. చంద్రవ్వ చూలు గొర్రె ఒకటి లారీ కింద పడింది. ఆ రోజు మన వాళ్ళు కొందరు కోపంతో మందలను కంచెకే తోలారు. వాళ్ళకు అడ్డం నిలబడింది ఎవరో తెలుసా? నేనే. కట్టె అడ్డం పెట్టి, మా అమ్మ రానిది ఒక్కరు పోయినా ఊరుకోను అన్నాను. నీ మాట నిలబెడుతున్నాననుకున్నాను. వాళ్ళు వెనక్కి తిరిగారు. నా కట్టెకు భయపడి కాదు, నీ పేరు చెప్పాను కాబట్టి. ఆ గడ్డి అట్లా నిలబడి మేడం కళ్ళకు కనపడిందంటే నేను కాపలా కాసినందుకే. నువ్వు నాకు ఒక్క మాట చెప్పకుండా నా చేతనే ఆ పని చేయించావు.

నీ లెక్క నాకు అర్థం కాలేదనుకోకు. బడి మానేసిన కొడుకు, ఎక్కడా నిలవని కొడుకు, వాడిని ఒక కుర్చీలో కూర్చోబెట్టి కళ్ళతో చూసుకోవాలనుకున్నావు. నాయన లాగా వానలో, ఎండలో ఒళ్ళు అరగదీసుకుని పోకూడదనుకున్నావు. తల్లి అంటే అట్లాగే అనుకుంటుందేమో. కానీ నన్ను ఒక్కసారి అడిగి ఉండాల్సింది. నిలబడ్డానమ్మా నేను, ఇన్నేళ్ళకు ఒక దగ్గర నిలబడ్డాను. సరిగ్గా అదే జాగాను నా కాళ్ళ కింది నుంచి నువ్వు తీశావు. చంద్రకాంత్ చేస్తే పగోడు చేశాడనుకుంటాను. నువ్వు చేస్తే ఏమనుకోవాలో నాకు తెలియడం లేదు.

అక్కా, ఇక్కడి దాకా చదివి ఆపకు. నీకు ఈ సంగతి ముందే తెలుసో లేదో నేను అడగను. కింద రాసింది ఉన్నది ఉన్నట్టు అమ్మకు చదివి వినిపించు. మధ్యలో నీ మాటలు కలపకు.

అమ్మా, నేను ఇందాకటి నుంచి చెప్పకుండా దాటుకుంటూ వస్తున్నది ఇది. నేను నీ పేరు చెప్పేశాను.

సోమవారం సాయంత్రం బీరన్న మామ దొడ్డిలో అన్ని ఇళ్ళవాళ్ళూ కూర్చున్నారు, గురువారానికి ఏం చెయ్యాలని. శంకరమ్మకు ఫోన్ చేసినవా, ఎప్పుడొస్తది అని మామ నన్ను అడిగాడు. అబద్ధం నోటి దాకా వచ్చింది. పిల్లకు బాగా లేదని చెప్తే నమ్మేవాళ్ళు. వాళ్ళు అట్లా నమ్ముతారని తెలిసే నాకు నోరు రాలేదు. టీ కొట్టు దగ్గర విన్నదంతా చెప్పాను. తల ఎత్తకుండా చెప్పాను.

ఎవరూ నన్ను తిట్టలేదు. నిన్ను తిట్టారు. దాచి లాభం లేదు, మస్తు తిట్టారు. నేను వింటూ కూర్చున్నాను, ఆపలేదు. చంద్రవ్వ మాత్రం తిట్టలేదు. తర్వాత నన్ను అడిగింది.

“గీని నౌకరీ కోసమా?”

అవునట అన్నాను.

“పిచ్చి ముండ. గదానికి కంచెనెందుకు ఇచ్చింది, వీన్నే ఇచ్చేస్తే పోయేది.”

అందరూ నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది, నవ్వుతుంటేనే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నన్ను చూసి ఆమె కూడా కొంగు మొహానికి పెట్టుకుంది.

నిన్న తెల్లవారి నేనే పాలు పిండాను. నువ్వు వాడే ఇత్తడి చెంబులోనే పట్టుకుపోయి రాతికి పోశాను. మన మందను లోపలికి తోలాను. గొర్లకు ఇవన్నీ ఏం తెలుసు, పరుగెత్తిపోయి గడ్డిలో మొహాలు పెట్టాయి. నేను వెనక్కి తిరిగి చూశాను. అన్ని మందలూ గట్టు అవతలే ఉన్నాయి. కట్టెలు పట్టుకుని మన వాళ్ళందరూ అక్కడే నిలబడి నన్ను చూస్తున్నారు. ఒక్క అడుగు ముందుకు పడలేదు. నేను చేతులెత్తి పిలిచాను. బీరన్న మామ గట్టు దాకా వచ్చి ఆగాడు.

“నీ చేతిమీద కాదు కొడుకా. ఆమె చేసిందానికి వచ్చినాక నిలబెట్టి అడుగుతం, ఇడిచిపెట్టం. కని పాలు ఆమెనే పొయ్యాలె.”

గురువారం ఆ మేడం వచ్చేసరికి కంచె ఖాళీగా ఉంటే పోతుంది కదా మామా అన్నాను. తెలుసు అన్నాడు. తెలిసి కూడా పోరా అన్నాను. ఆయన రోడ్డు వైపు మందను మళ్ళించుకుని పోయాడు. నేను గడ్డిలోంచి నా గొర్లను ఒక్కొక్కదాన్నీ తరిమి బయటికి తెచ్చుకున్నాను. అవి ఊరికే రాలేదు. కొట్టాల్సి వచ్చింది.

చూశావా అమ్మా, వాళ్ళ సంగతి. నువ్వు చేసిందేంటో తెలిసి, నోటికొచ్చినట్టు తిట్టి, తెల్లారేసరికి మళ్ళీ నీ చేతి కోసమే ఎదురు చూస్తున్నారు. కంచె పోయినా సరే గానీ ఆ మాట దాటరు. అంత నమ్మకాన్ని పట్టుకుని నువ్వు చంద్రకాంత్ చేతిలో పెట్టావు. నిన్నటి నుంచి అన్నం తింటుంటే నాకు ఇదే గుర్తొస్తోంది.

అంజిలయ్య మామ రేపు పొద్దున బండలతో బయలుదేరుతాడు, ఈ ఉత్తరం నీకు శనివారం అందుతుంది. ఆదివారం ఆయన బండి తిరిగి తాండూరుకు వస్తుంది. రైల్లో ఒంటరిగా రావడం నీకు చేతకాదు, అందుకని క్యాబిన్‌లో జాగా ఉంచమని ఆయనకు చెప్పాను. ఎందుకని అడగలేదు. వస్తే మంగళవారానికి ఇంటికి చేరతావు.

రమ్మని బతిమిలాడడానికి రాయలేదు ఇది. రాకపోయినా నీకు వంట చేసి పెట్టే కూతురు ఉంది, అక్కడ ఎవరూ నిన్ను ఏమీ అడగరు. ఇక్కడికి వస్తే అడుగుతారు. చంద్రవ్వ గట్టిగానే అడుగుతుంది, తన చూలు గొర్రె గురించి కూడా అడుగుతుంది. నీ పక్కన నిలబడి నీ తరఫున మాట్లాడతానని నేను మాట ఇవ్వలేను. నేనేం అడుగుతానో నాకే తెలియదు. ఇంట్లో కొన్నాళ్ళు మాట్లాడకపోవచ్చు కూడా. కానీ వాళ్ళు అడిగేది అడిగాక, నువ్వు చెప్పేది చెప్పాక, ఆ రాతి దగ్గరికి నువ్వు నడుస్తుంటే గొర్రెను నేను పట్టుకుంటాను. పాలు నువ్వే పిండుకోవాలి.

చంద్రకాంత్‌కు కూడా చెప్పాను, ఆ కుర్చీలో వేరేవాణ్ణి కూర్చోబెట్టుకోమని. వాడు నవ్వి, మీ అమ్మ ఒప్పుకోవాలె గద తమ్మీ అన్నాడు. నువ్వు వస్తే వాడికి జవాబు దొరుకుతుంది.

పిల్లకు మేనమామ ముద్దులు. బావను అడిగానని చెప్పు. అక్కను ఏడవొద్దని చెప్పు.

ఇట్లు,
నువ్వు అనుకున్నట్టు కాక, ఎటూ పోకుండా, ఇంకా గొర్ల కాడనే ఉన్న నీ కొడుకు
మల్లికార్జున్